‘పాలు పడలేదు’ అనే మాట ఎక్కడి నుంచి వస్తోంది?

మా చెల్లెలికి సిజేరియన్ అయిన రెండో రాత్రి. పిల్ల ఏడుపు ఆపడం లేదు. డ్యూటీలో ఉన్న నర్సు తలుపు దగ్గర నిలబడే ‘తల్లికి ఇంకా పాలు పడలేదు, డబ్బా తెచ్చుకోండి’ అని చెప్పి వెళ్లిపోయింది. మా మరిది కిందికి పరుగెత్తాడు. ఆసుపత్రి మెట్ల పక్కనే మెడికల్ షాపు, అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంది. కాసేపట్లో డబ్బా, పాలసీసా వచ్చాయి. పిల్ల తాగి పడుకుంది. మా అందరికీ టెన్షన్ తగ్గింది. చెల్లెలు మాత్రం గోడవైపు తిరిగి, ‘నా దగ్గర పాలు కూడా లేవక్కా’ అని ఏడ్చింది.

పాలు ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజులు తల్లి దగ్గర ఉండేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చెంచాల లెక్కన వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఒక్కో పూటకు ఆ కాస్త చాలు. తెల్లటి పాలు ఎక్కువగా రావడం మామూలుగా మూడో రోజుకు మొదలవుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మనం ‘పాలు పడటం’ అనేది ఈ రెండో దశనే. ఆ మాట వాడీ వాడీ మొదటి దశను లెక్కలోంచి తీసేశాం. రొమ్ము గట్టిపడి, పాలు కారితేనే పాలు ఉన్నట్టు అనుకుంటున్నాం.

పాలు కుండలో నీళ్లలా నిల్వ ఉండి అయిపోయేవి కావు. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడు దగ్గరి గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ హార్మోన్ వస్తుంది, దానివల్ల పాలు తయారవుతాయి. ఎంత తాగితే అంత ఊరతాయి. డబ్బా పాలతో కడుపు నిండిన పిల్ల మూడు గంటలు పడుకుంటుంది, ఆ పూట రొమ్ము పట్టదు, ఆ మేరకు తయారీ తగ్గుతుంది. వారం తిరిగేసరికి ‘పాలు చాలడం లేదు’ అన్న మాట నిజంగానే నిజమవుతుంది. మొదట అది భయం మాత్రమే. ఆ భయంతో మనం చేసిన పనే దాన్ని నిజం చేసింది.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఇది ఒక్క మా ఇంటి కథ కాదని తెలుస్తుంది. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు దాదాపు 37 శాతమే. దేశం మొత్తం మీద ఆసుపత్రి కాన్పులు 88.6 శాతం, గంటలోపు తల్లిపాలు 41.8 శాతం. ఆసుపత్రికి వెళ్లే విషయంలో దేశం కంటే ముందున్న రాష్ట్రం, ఆసుపత్రిలో జరగాల్సిన మొదటి పనిలో దేశం కంటే వెనకబడింది. సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81 శాతం పైనే.

కోతే కారణమని అంటే సగమే నిజం. వెన్నులో మత్తుసూది ఇచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. ఎవరైనా పక్కన నిలబడి బిడ్డను పట్టుకుంటే మొదటి గంటలోనే పాలివ్వచ్చు. కదల్లేని తల్లి తనంతట తాను బిడ్డను ఎత్తుకోలేదు, అంతే. అంటే కావాల్సింది ఒక మనిషి. మన వార్డుల్లో లేనిది ఆ మనిషే. ఒక నర్సుకు పదిమందిని అప్పగిస్తే, ఆమె తలుపు దగ్గర నిలబడి డబ్బా చెప్పక ఏం చేస్తుంది? నాకు ఆమె మీద కోపం లేదు.

ఇంటికొచ్చాక ఆ మనిషి ఉండాలి, ఒకప్పుడు ఉండేది కూడా. తల్లిగారింటి పురుడు అంటే నెలల తరబడి బాలింతకు వేళకు అన్నం, నీళ్లుపోసే చేతులు, రాత్రి పిల్లను ఎత్తుకునే అమ్మ. ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు ఇంకోటి కనిపించదు. కానీ అదే ఇంట్లో బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదంటారు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ, దాహమేసినంత తాగనివ్వాలి. పిల్లకు తేనె నాకిస్తారు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఎండాకాలం కదా అని కాచి చల్లార్చిన నీళ్లు పోస్తారు. తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్లే, ఆరు నెలలు నిండేదాకా మే నెల ఎండలో కూడా పిల్లకు విడిగా నీళ్లు అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువగా తల్లిని కుంగదీసేది సాయంత్రం ఏడుపు. పుట్టిన రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఇంతే. పొద్దుగూకే వేళ గంట గంటకూ పాలడగడం కూడా మామూలే. ఇవి తెలియని ఇంట్లో ప్రతి ఏడుపుకూ ఒకటే తీర్పు, ‘నీ పాలు చాలట్లేదు’. పాలు చాలుతున్నాయో లేదో చెప్పేవి వేరే ఉన్నాయి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. మొదటి రోజుల్లో తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

ఇవి జరగకపోతే, పిల్ల లేపినా లేవకుండా మగతగా ఉంటే, కామెర్ల పసుపుదనం అరచేతులకూ అరికాళ్లకూ పాకితే ఆగకూడదు, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. నిజంగా పాలు చాలని తల్లులు ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఉన్నారు, వాళ్ల కోసమే హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు పెట్టారు. డబ్బా పాలు పట్టిన ఏ తల్లీ తప్పు చేయలేదు. నా బాధంతా, డాక్టరు చూసి చెప్పాల్సిన మాట అర్ధరాత్రి తలుపు దగ్గర తేలిపోతోందనే. 1992 నాటి చట్టం డబ్బా పాల ప్రకటనలనూ ఉచిత శాంపిళ్లనూ నిషేధించింది. ఆ తలుపు దగ్గరి మాటను మాత్రం ఏ చట్టమూ ఆపలేదు.

చెల్లెలి కథలో ఐదో రోజు మా అమ్మ పక్క వీధిలో ఉండే రిటైరైన ఏఎన్ఎంను, అంటే కాన్పులు, టీకాలు చూసే ప్రభుత్వ నర్సును పిలుచుకొచ్చింది. ఆవిడ మందులేమీ చెప్పలేదు. చేతులు కడుక్కుని పక్కన కూర్చుని పిల్ల తాగేది చూసింది. పిల్ల చనుమొన చివరే పట్టుకుంటోంది, అందుకే తల్లికి పుండు పడింది, పిల్లకు పాలు రావడం లేదు. పిల్ల పొట్ట తల్లి ఒంటికి ఆనేలా తిప్పి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, నల్లభాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లేలా దగ్గరికి జరిపింది. కుట్ల మీద బరువు పడకుండా చంక కింద నుంచి ఎలా పట్టుకోవాలో చూపించింది. డబ్బా ఒక్కసారే మాన్పించకుండా, బరువు చూసుకుంటూ తగ్గించమంది. రెండు వారాలు తిరగకముందే సీసా అటక మీదికి పోయింది.

పుట్టిన పిల్లకు స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే రొమ్ము దగ్గరి నుంచి తల్లి ముఖం దాకా. ఆ దూరంలోనే పిల్ల ముఖం గుర్తుపడుతుంది, గొంతు పోల్చుకుంటుంది, దాదాపు ఆరో వారానికి తల్లిని చూసి నవ్వుతుంది. అంతవరకూ ప్రతి పూటా పరీక్షలా భయపడుతూ పాలిచ్చిన చెల్లెలు, ఆ నవ్వు వచ్చేనాటికి పిల్ల ముఖంలోకి తీరిగ్గా చూడగలుగుతోంది.

ఆ ఏఎన్ఎం చేసిన పని చేయడానికి ప్రభుత్వానికి దారి ఉంది. 2011 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. నగరంలో ప్రైవేటు కాన్పు అయిన మా ఇంటికి ఎవరూ రాలేదు. ఈ రాకపోకలు కాన్పు ఎక్కడ జరిగినా అందాలి. అంతకంటే ముందు ఆసుపత్రిలో ఒక పని జరగాలి. చెల్లెలి డిశ్చార్జి కాగితంలో కుట్లు ఎప్పుడు చూపించాలో రాసుంది, టీకా తేదీ ఉంది. బిడ్డ రొమ్ము ఎలా పడుతోందో రాయడానికి మాత్రం గడి లేదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా ఆ గడి పెట్టాలి. ఒక పూట పాలివ్వడం మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూసిన నర్సు అందులో సంతకం చేశాకే తల్లీబిడ్డలను ఇంటికి పంపాలి.