24 డాలర్ల వారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 24 డాలర్ల వారికి,

న్యూయార్క్, న్యూజెర్సీ బడుల్లో తమరి పేరు మోగని ఏడాది లేదు. "డచ్చివారు మన్‌హట్టన్‌ను ఎంతకు కొన్నారు?" అని అడిగితే తమరి పేరు చెప్పడానికి క్లాసంతా చేతులెత్తుతుంది. అమ్మిందెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. అదంతా తమరి చలవే.

తమరి జాతకం చూద్దాం. ఆ కొనుగోలు పత్రం ఎక్కడా దొరకలేదు. మిగిలిన ఆధారమల్లా 1626 నవంబరు 5న పీటర్ స్ఖాఖెన్ అనే డచ్చి అధికారి రాసిన చిన్న ఉత్తరం. అందులో ఉన్నది 60 గిల్డర్ల (ఆనాటి డచ్చి నాణేల) విలువ. 19వ శతాబ్దంలో దాన్ని డాలర్లలోకి మారిస్తే తమరు పుట్టారు. ఆనాటి నుంచి ధరలన్నీ ఆకాశానికెక్కినా తమరు మాత్రం 24 దగ్గరే బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. భూమికి బదులిచ్చారని కథలో చెప్పే పూసల పెట్టె? ఉత్తరంలో లేదు. కొన్నాడని చెప్పే పీటర్ మినుయిట్ పేరు? లేదు. ఆ నేల మూలవాసులైన లెనాపేల్లో ఒక్కరి పేరైనా? అదీ లేదు. 7,246 బీవర్ తోళ్లు ఓడెక్కాయన్న లెక్క మాత్రం పొల్లుపోకుండా ఉంది. కొన్నది డచ్చి వెస్టిండియా వర్తక కంపెనీ కదా మరి!

టీచర్లకు మా మనవి: ముందు పూసల పెట్టె బొమ్మ చూపించి, కనిపించినవన్నీ పిల్లలచేత రాయించండి. తర్వాత ఉత్తరం అనువాదం ఇచ్చి, అందులో లేనివి ఎర్ర పెన్సిలుతో కొట్టేయించండి. ఒక పీరియడు చాలు. ఇంటర్నెట్ మాత్రం చివరిదాకా తెరవనివ్వకండి. తెరిచారా, తమరే ముందు ప్రత్యక్షమవుతారు. ఆపైన ఆ రోజుల్లోనే పక్క దీవి స్టాటెన్ ఐలాండ్‌ను కొన్నప్పుడు ఇచ్చిన సరుకుల జాబితా చూపించండి. అందులో కెటిళ్లు, గొడ్డళ్లు, పారలు ఉన్నాయి. అవి రోజూ చేతికి పనికొచ్చే సామాను.

సగం క్లాసును డచ్చివారుగా, సగాన్ని లెనాపేలుగా చేసి చాక్లెట్లు మార్పించే ఆట మానేస్తే పుణ్యముంటుంది. దానితో పిల్లలకు వంటబట్టేది "వాళ్లు అమాయకులు, మోసపోయారు" అన్న ఒక్క ముక్కే. భూమిని వాడుకోనివ్వడం వేరు, శాశ్వతంగా వదులుకోవడం వేరు అన్న అసలు చర్చ ఆ చాక్లెట్ కాగితాల కింద పడిపోతుంది. పైగా వర్క్‌షీట్లన్నీ లెనాపేలను "ఉండేవారు" అంటాయి. వారి వారసులు ఓక్లహోమా, విస్కాన్సిన్, ఒంటారియోల్లో నిక్షేపంలా ఉన్నారు.

1626 ప్రాంతంలోనే ఆ వెస్టిండియా కంపెనీ పదకొండుమంది ఆఫ్రికన్లను బానిసలుగా తెచ్చింది. 1644లో వారికి సగం స్వేచ్ఛ ఇచ్చింది: ఏటా ధాన్యమూ ఒక పందీ కట్టాలి, పిల్లలు మాత్రం కంపెనీకే ఊడిగం చెయ్యాలి. "పసివాళ్లకు ఇదెందుకు" అని దాటేస్తారు. ఇది అన్యాయమని తొమ్మిదేళ్ల పిల్లలకు చప్పున తెలుస్తుంది, పెద్దలకే నసుగుడు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బడి ప్రాజెక్టుకని చెప్పుల డబ్బాకు డచ్చి గాలిమర అంటిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. 1609లో ఈ తీరానికి వచ్చిన నావికుడు హెన్రీ హడ్సన్‌ను ఓడెక్కించిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి అప్పటికే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉంది. పటం మీద ఆ రెండో చుక్క కూడా పెట్టించండి.

అయ్యా, బడి వదలబుద్ధి కాకపోతే లెక్కల పీరియడుకు బదిలీ చేయించుకోండి. అప్పుడే బ్యాంకులో వేసుంటే ఈనాటికి ఎంతయ్యేవారనే చక్రవడ్డీ లెక్కకు పనికొస్తారు, 1626లో మన్‌హట్టన్‌లో బ్యాంకెక్కడుందని ఎవరో పిల్ల లేచి అడిగేదాకా.

ఇట్లు,
60 గిల్డర్ల తరఫువారు