తప్పు వేళ్ళది కాదు, లాగ్‌ది

బ్యాండ్ గేమ్, అంటే పాట నడుస్తుంటే తెర మీద దిగే నోట్లని టైంకి కొట్టే వీడియో గేమ్, మొదటిసారి ఆడినవాళ్ళ అభిప్రాయాలకి ఈ లోకంలో దక్కాల్సిన గౌరవం దక్కట్లేదు, ఈ విషయం ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నా. గిటార్ హీరో కానివ్వండి, రాక్ బ్యాండ్ కానివ్వండి, ఫోన్‌లో ఆడే బ్యాంగ్ డ్రీమ్ కానివ్వండి, మనిషి ఒక్క పాట మొదలెడతాడు, పల్లవి అయ్యేలోపు ఫెయిల్ అవుతాడు, అంతే, ఆ కాసేపట్లోనే గేమ్ మొత్తం ఆయనకి అర్థమైపోద్ది. సాంగ్ లిస్ట్ వేస్ట్, చార్టింగ్ (ఏ నోట్ ఎప్పుడు రావాలో పేర్చడం) తప్పు, కంట్రోలర్ చీప్, చేసినోళ్ళకి తాళం అంటే తెలీదు. ఇంత తక్కువ టైంలో ఇంత లోతైన పరిశోధన ఇంకే రంగంలోనైనా జరుగుద్దా? అయినా సరే పాత ప్లేయర్లు ఆ పెద్దమనిషి మాట పూర్తిగా వినకుండా "ముందు ఈజీలో ఆడు బ్రో" అంటారు. వాళ్ళ అహంకారం అలాంటిది.

ముందుగా మూల సూత్రం తేల్చుకుందాం. ఇలాంటి రిథమ్ గేమ్ ఆడిన కొత్తవాళ్ళలో ఇంతవరకు ఎవరూ ఒక్క నోట్ కూడా మిస్ అవ్వలేదు. మిస్ అయింది టీవీ.

2005లో మొదటి గిటార్ హీరో వచ్చినప్పుడు చాలా ఇళ్ళల్లో ఇంకా డబ్బా టీవీలే, సిగ్నల్ రావడం బొమ్మ పడటం ఒకేసారి జరిగేది, దాంతో అప్పటి జనానికి నేరం తోసెయ్యడానికి పాపం ఏ వస్తువూ దొరికేది కాదు, ఓడిపోతే ఓడిపోయామనే ఒప్పుకోవాల్సి వచ్చేది, ఎంత అన్యాయమైన రోజులో ఊహించుకోండి. ఆ తర్వాత ఫ్లాట్ టీవీలొచ్చాయి. ఇవి బొమ్మకి మెరుగులు దిద్దే పేరుతో దాన్ని కొన్ని మిల్లీసెకన్లు, ఒక్కోసారి కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యంగా చూపిస్తాయి, లాగ్ అనేది దీన్నే. ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ సంగతి చెప్పక్కర్లేదు, అందులో సౌండ్ వచ్చేసరికి స్క్రీన్ మీద నోట్ దాటిపోయి ఉంటది. ఇది నిజమైన సమస్యే, గేమ్స్ వాళ్ళూ ఒప్పుకుని, ఆ ఆలస్యాన్ని సరిచేసుకోడానికి కాలిబ్రేషన్ అని ఒక స్క్రీన్ పెట్టారు. కానీ అది పెట్టేటప్పుడు వాళ్ళు ఎంత పెద్ద తలుపు తెరుస్తున్నారో వాళ్ళకి తెలీదు.

ఆ స్క్రీన్ ముందు కూర్చున్న కొత్త ప్లేయర్‌ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. బీప్ వినపడినప్పుడు నొక్కమంటది, నొక్కుతాడు, ఒక నంబర్ వస్తది. పాటకెళ్తాడు, ఫెయిల్. వెనక్కొస్తాడు, "ఇంకో పది పెంచుదాం" అంటాడు, పెంచుతాడు, ఫెయిల్. "లేదు లేదు, తగ్గించాలి". తగ్గిస్తాడు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తాడు, సౌండ్‌బార్ వైర్ పీకేస్తాడు, సోఫా ముందుకు జరుపుతాడు, ఈలోపు పక్కన ఖాళీగా ఉన్న తమ్ముడు అదే టీవీ మీద అదే కంట్రోలర్‌తో అదే పాట తీసుకుని తొంభై ఆరు శాతం కొట్టి లేస్తాడు. ఇప్పుడు ఏమంటారు అని విమర్శకులు అడుగుతారు. చాలా సింపుల్. "వాడికి ఈ లాగ్ అలవాటైపోయిందిరా". దీనికి తిరుగులేదు, నేను చాలాసేపు ఆలోచించా, నిజంగానే తిరుగులేదు.

ఇక గిటార్ సంగతి. మెడ మీద ఐదు రంగుల బటన్లు, ఆకుపచ్చ ఎరుపు పసుపు నీలం ఆరెంజ్, కింద తీగ మీటినట్టు కొట్టే స్ట్రమ్ బార్, దాని పక్కన స్వరాన్ని వణికించే వ్యామీ బార్. తెర మీద ఆకుపచ్చ నోట్ దిగుతది, కొత్తాయన ఆకుపచ్చ బటన్ నొక్కుతాడు. ఏం కాదు. ఇంకొంచెం గట్టిగా నొక్కుతాడు. ఏం కాదు. ప్లాస్టిక్ కిర్రుమనేదాకా నొక్కుతాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో "స్ట్రమ్ కూడా కొట్టాలి అన్నా" అంటారు. ఇక్కడే డిజైన్ లోపం ఉంది చూడండి, బటన్ అనేదాన్ని నొక్కితే పని జరగాలి, లిఫ్ట్‌లో అంతే, రిమోట్‌లో అంతే, ఇక్కడ మాత్రం ఒక చేత్తో నొక్కి ఇంకో చేత్తో కొట్టి రెండూ ఒకేసారి జరగాలంట. సరే అని కొట్టడం మొదలెట్టాక ఆయన్ని ఆపడం ఎవరి తరం కాదు, నోట్ ఉన్నా లేకపోయినా కొడుతూనే ఉంటాడు, గేమ్ ప్రతి అదనపు దెబ్బకీ ఒక టక్కుమనే చచ్చు సౌండ్ వినిపించి అప్పటిదాకా కట్టిన కాంబోని (తప్పకుండా వరసగా కొట్టిన నోట్ల లెక్కని) తెంపేస్తది. ఉత్సాహానికి శిక్ష వేసే ఏకైక కళారూపం ఇదే అనుకుంటా.

అన్నిటికన్నా దుర్మార్గం ఏంటంటే, నోట్ పోతే గేమ్ పాట ఆపదు. డ్రమ్స్ నడుస్తుంటాయి, గొంతు పాడుతుంటది, మీ గిటార్ ఒక్కటే పాటలోంచి మాయమైపోద్ది. అంటే మీరు లేకపోయినా పాట బానే ఉందని అందరికీ చెవులారా వినిపించడం అన్నమాట. ఎలా వాయిస్తున్నారో చూపించే రాక్ మీటర్ ముల్లు ఎరుపులోకి జారుద్ది, జనం అరవడం మొదలెడతారు. 2015లో వచ్చిన గిటార్ హీరో లైవ్ అయితే ఇంకో మెట్టు ఎక్కింది, బొమ్మల జనం బదులు నిజం మనుషుల్ని పెట్టి షూట్ చేసి, మీరు స్టేజ్ మీద నుంచి చూస్తున్నట్టే చూపిస్తది, మీరు తప్పుతుంటే ముందు వరుసలో వాళ్ళు మొహాలు మాడ్చుకుంటారు, పక్కన మీ సొంత బ్యాండ్ వాళ్ళే మీ వైపు తిరిగి చేతులు ఊపుతారు. ఆఫీసులో పడే చూపులు చాలవని డబ్బులు పెట్టి కొనుక్కోవాలా? దీని మీద కొత్త ప్లేయర్ ఇచ్చే తొలి తీర్పు "యాక్టింగ్ బాలేదు". నేను ఏకీభవిస్తున్నా.

ఆరెంజ్ బటన్ గురించి విడిగా మాట్లాడాలి. ఈజీలో మూడు బటన్లే, మీడియంలో నీలం వచ్చి చేరుద్ది, అప్పటిదాకా మనిషి తనని తాను ఒక స్థాయిలో ఊహించుకుంటూ ఉంటాడు, ఫ్రెండ్స్‌కి కాలు ఊపుతూ చూపిస్తుంటాడు. హార్డ్‌లో ఐదోది వస్తది. చెయ్యికి వేళ్ళు ఐదే కదా అనుకుంటారేమో, బొటనవేలు మెడ వెనక పట్టుకోవడానికి పోయింది, మిగిలినవి నాలుగు, బటన్లు ఐదు. లెక్కలోనే మోసం ఉంది. చెయ్యి కిందకి జరపాలి, లేదా చిటికెన వేలు సాగదీయాలి. పుట్టిన దగ్గర్నుంచి ఏ బాధ్యతా లేకుండా బతికిన ఆ వేలిని తెచ్చి ఒక్కసారిగా సోలో మధ్యలో నిలబెడితే అదేం చేస్తది, వణుకుద్ది. హార్డ్‌కి వెళ్ళిన మొదటి సాయంత్రం అందరి నోటా ఒకే మాట, "మీడియం వరకు గేమ్ చాలా బ్యాలెన్స్‌డ్‌గా ఉంది, తర్వాత పాడుచేశారు".

నిజం గిటార్ వచ్చినవాళ్ళ తొలి అభిప్రాయం అయితే ఇంకా గంభీరంగా ఉంటది. వాళ్ళు కంట్రోలర్ అందుకునే పద్ధతే వేరు, ముందు బరువు చూస్తారు, ఒక చిన్న నవ్వు నవ్వుతారు. పాట మొదలైతే వేళ్ళు అలవాటుగా అసలు కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) ఎక్కడుందో అక్కడికి పోతాయి, అక్కడ బటన్ ఉండదు. ఏడో క్లాసు పిల్లాడి స్కోర్ కింద వాళ్ళ పేరు వస్తది. "ఇది మ్యూజిక్ కాదు" అని చెప్పి కంట్రోలర్ కింద పెడతారు. న్యాయమే కదా, అందుకే 2010లో రాక్ బ్యాండ్ 3, అసలు వాయిద్యంలాగే వాయించాల్సిన ప్రో మోడ్ తెచ్చింది, దానికోసం 102 బటన్లున్న గిటార్ కంట్రోలర్ కూడా వచ్చింది, ఆరు తీగలకి పదిహేడు ఫ్రెట్ల (మెడ మీది గళ్ళ) లెక్కన. అప్పుడేమన్నారు? "ఇది గేమ్‌లా లేదు, హోంవర్క్‌లా ఉంది". 2011లో రాక్‌స్మిత్ వచ్చి అసలు నిజం గిటారే కేబుల్‌తో తగిలించుకోమంది. "గిటార్ ఉన్నాక గేమ్ ఎందుకు?" అన్నారు. తొలి అభిప్రాయం అంటే ఇలా ఉండాలి, ఏ టెక్నాలజీకీ లొంగకూడదు.

నలుగురు కలిసి ఆడితే బ్యాండ్ అవుద్దని 2007లో రాక్ బ్యాండ్ నమ్మింది, లీడ్ గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్, మైక్. అసలు బ్యాండ్స్ విడిపోవడానికి ఏళ్ళు పడుతుంది, ఇక్కడ పాట సెలెక్ట్ చేసేలోపే అయిపోద్ది. బేస్ ఎవరికీ వద్దు. లీడ్‌కీ బేస్‌కీ కంట్రోలర్ ఒకటే, బటన్లు అవే, అయినా బేస్ అనగానే మొహం చిన్నబోద్ది. గేమ్ చేసినోళ్ళకి ఈ సంగతి ముందే తెలుసనుకుంటా, మామూలుగా వరసగా నోట్లు కొడితే పాయింట్లని పెంచే మల్టిప్లయర్ నాలుగు రెట్ల దగ్గర ఆగుద్ది, బేస్ వాళ్ళకి మాత్రం ఆరు రెట్ల దాకా పోనిచ్చారు. బుజ్జగింపు పాయింట్లు అన్నమాట. అయినా బేస్ ఆడినోడి తొలి అభిప్రాయంలో ఆ విషయం రాదు, "నన్ను ఎవరూ చూడలేదు" అనే వస్తది.

మైక్ పట్టుకున్నోడికి వేరే రహస్యం తెలుస్తది. గేమ్ వినేది చాలావరకు శృతినే, మాటల్ని పట్టించుకునేది చాలా తక్కువ, కాబట్టి లిరిక్స్ రాకపోయినా మ్మ్మ్ మ్మ్మ్ అంటూ సరైన ఎత్తులో మూలిగితే మార్కులు పడతాయి. ఇది తెలిసిన క్షణం నుంచి ఆ గదిలో సాహిత్యం చచ్చిపోద్ది. డ్రమ్మర్ మాత్రం వేరే జాతి, నాలుగు ప్యాడ్లు, కింద పెడల్, నలుగురిలో ఒంటికి చెమట పట్టేది ఆయనకే, తను చేసేదే అసలు వాయిద్యానికి దగ్గరగా ఉందని ఆయనకి ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు, అక్కణ్ణించి మిగతా ముగ్గుర్నీ ప్లాస్టిక్ మనుషుల్లా చూడటం మొదలెడతాడు. ఎవరైనా ఫెయిల్ అయితే మిగతావాళ్ళు బాగా వాయించి కూడబెట్టిన పవర్ (ఓవర్‌డ్రైవ్) ఖర్చుపెట్టి వెనక్కి తేవచ్చు. తెస్తారు కూడా, కానీ తెచ్చిన విషయం ఆ రాత్రంతా గుర్తుచేస్తూనే ఉంటారు.

మధ్యలో ఒక మాట, ఆడి ఆడి గోడ వైపు చూస్తే గోడ మెల్లగా పైకి పాకుతున్నట్టు కనపడుద్ది. నోట్లు అదేపనిగా కిందకి దిగడం చూసిన కళ్ళు కాసేపు ఎదురు దిక్కు కదలిక చూపిస్తాయి, కంగారేం లేదు, మామూలే. కానీ ఫెయిల్ అయిన వెంటనే ఇది జరిగితే "స్క్రీన్‌లో ప్రాబ్లం ఉందని చెప్పానా లేదా, గోడలో కూడా ఉంది చూడు" అనే అవకాశం దొరుకుద్ది, వదులుకోకండి.

ఫోన్ వైపు వద్దాం. 2017లో జపాన్‌లో వచ్చిన బ్యాంగ్ డ్రీమ్ గర్ల్స్ బ్యాండ్ పార్టీలో మొదట్లోనే ఐదు బ్యాండ్లు, ఒక్కోదాంట్లో ఐదుగురు, మొత్తం పాతికమంది అమ్మాయిలు, అందరికీ కథలు. తొలి అభిప్రాయాలు రెండు రకాలు. కథలన్నీ స్కిప్ కొట్టి "క్యారెక్టర్లు ఎవరెవరో అర్థం కాలేదు" అనేవాళ్ళు ఒకరు, గచాలో (గేమ్‌లోని లాటరీ లాంటిది) మంచి క్యారెక్టర్ కార్డు పడితే "ఈ దశాబ్దపు గేమ్" పడకపోతే "చచ్చిన గేమ్" అనేవాళ్ళు ఇంకొకరు. పాట ఆడటం అనేది వీటి మధ్యలో సందు దొరికితే జరుగుద్ది. నోట్లు దిగే దారులు, అంటే లేన్లు, ఏడు, బొటనవేళ్ళు రెండు. కొట్టిన ప్రతిదానికీ మార్కు, పర్ఫెక్ట్, గ్రేట్, గుడ్, బ్యాడ్, మిస్. ఇందులో గుడ్ పడినా కాంబో తెగిపోద్ది. వెన్ను తట్టి మరీ బయటికి గెంటడం ఇక్కడే చూశా.

పాటల లిస్ట్ మీద ఫిర్యాదు లేని తొలి అభిప్రాయం చెల్లదు. రాక్ బ్యాండ్ 4 కోసం వారం వారం కొత్త పాటలు అమ్ముతూ 2024 జనవరి దాకా వచ్చారు, పాతవీ కొత్తవీ కలిపితే స్టోర్‌లో రెండు వేలు దాటాయి. దాంట్లో అరగంట స్క్రోల్ చేసి "నా పాట లేదు, పాటలు తక్కువ" అని తేల్చేసిన ధీరులకి నా నమస్కారం. అసలు కంపెనీలు ఈ జాతిని నమ్ముకునే బతికాయి. 2009 ఒక్క ఏడాదిలో గిటార్ హీరో మెటాలికా, గిటార్ హీరో 5, బ్యాండ్ హీరో, డీజే హీరో, అవతల నుంచి బీటిల్స్ రాక్ బ్యాండ్, లెగో రాక్ బ్యాండ్, ఇంకా ఉన్నాయి, వదిలేద్దాం. ఎందుకిన్ని? జనం మొదటి అభిప్రాయం చెప్పి వెళ్ళిపోతున్నారు, రెండో అభిప్రాయం దాకా ఉండట్లేదు, కాబట్టి మళ్ళీ మొదటిదే ఇంకోసారి అమ్మారు. ఇళ్ళల్లో మంచం కింద ప్లాస్టిక్ గిటార్లు పేరుకున్నాయి, 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది. కొంతమంది దీన్ని మార్కెట్ నిండిపోవడం అంటారు. నేను మాత్రం కాలిబ్రేషన్ సరిగ్గా లేకపోవడం అనే అంటా.

కాబట్టి నా డిమాండ్లు న్యాయమైనవి. టైమింగ్ విండో (నోట్ కొట్టడానికి గేమ్ ఇచ్చే గడువు) మనిషి వయసుని, మూడ్‌ని బట్టి సాగాలి. ఆరెంజ్ బటన్ రద్దు చెయ్యాలి. తమ్ముళ్ళు ఆడాలంటే పెద్దవాళ్ళు రెండుసార్లు ఫెయిల్ అయ్యాక కనీసం గంట ఆగాలి. నో ఫెయిల్ మోడ్ 2008లో రాక్ బ్యాండ్ 2 లోనే ఇచ్చారు, మంచి పని, ఎంత ఘోరంగా వాయించినా పాట చివరిదాకా పోద్ది, కానీ చివర్లో స్కోర్ స్క్రీన్ అని ఒకటి ఉంచేశారు, గిటార్ 38 శాతం అని అందరి ముందు ఎవరెవరు ఎంత కొట్టారో వేసి చూపిస్తది. అది తీసెయ్యాలి. తీసేదాకా, ఆ స్క్రీన్ రాగానే బటన్ నొక్కి దాటించే బాధ్యత బేస్ వాడికి అప్పగించాలి, ఎలాగూ వాణ్ణి ఎవరూ చూడట్లేదు.