కోడి కిందా, పెట్టెలోనా?

కార్తీకమాసం. పెరట్లో ఎర్ర నాటుకోడి పొదుగుకొచ్చింది. బుట్టలో 22 గుడ్లున్నాయి. వాటిని కోడి కింద పెట్టాలని అత్త, కరెంటుతో గుడ్లు పొదిగే తన పెట్టెలో, అంటే ఇంక్యుబేటర్‌లో పెట్టాలని మేనల్లుడు. నేను అత్త వైపే. అయినా అతని మాటల్లో బలమున్న చోట ఒక్క ముక్క కూడా తగ్గించలేదు.

మేనల్లుడు: అత్తా, ఆ గుడ్లన్నీ నాకిచ్చెయ్. కోడిని గూట్లోంచి లేపి నాలుగు రోజులు బయట తిప్పితే మళ్లీ గుడ్డుకొస్తుంది.

అత్త: మూడు రోజులైందిరా అది గూడు దిగి. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటోంది. ఇదిగో, పొట్ట కింద ముట్టుకుని చూడు. ఈకలు రాలి చర్మం తగులుతోందా? ఒంటి వేడి నేరుగా గుడ్డుకి అందాలని దాని ఒళ్లే అలా సిద్ధమైంది. ఇప్పుడు లేపుతానంటావేంటి?

మేనల్లుడు: లెక్క చెప్తాను, విను. పదిహేను గుడ్లు పెట్టేసరికి నాటుకోడి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు పొదుగు, ఆ తర్వాత రెండు నెలలు పిల్లల వెంట తిరుగుడు. విడతకి మూడు నెలలు గుడ్డు లేనట్టే. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లకి ఈ గొడవ పెద్దగా ఉండదు, గుడ్లు పెట్టుకుంటూ పోతాయి. పైగా కోడి కింద పన్నెండు, మహా అయితే పదిహేను పడతాయి. నా పెట్టెలో ఒకేసారి 50.

అత్త: గుడ్లు అమ్ముకునేవాడికి పొదుగుకోడి నష్టమే, కాదనను. కానీ పొదగని కోడిని తెచ్చుకుంటే, మళ్లీ పిల్ల కావాలన్నప్పుడల్లా బయట కొనుక్కోవాల్సిందేగా. నా పెరడు నా కోళ్లతోనే నిండాలి.

మేనల్లుడు: పెట్టెలో వేడి 37.5 డిగ్రీలు. 18వ రోజు దాకా తేమ 55 శాతం, ఆ తర్వాత 65 పైన. గుడ్లు వాటంతటవే తిరుగుతాయి. నీ కోడి తిండికి లేచి పోతే గుడ్లని ఎవరు చూస్తారు?

అత్త: ఎవరూ చూడక్కర్లేదు. పొద్దున ఒక్కసారి లేస్తుంది. గుప్పెడు నూకలు తిని, నీళ్లు తాగి, ఇంత పెద్ద రెట్ట వేసి, బూడిదలో దొర్లి, ఇరవై నిమిషాల్లో మళ్లీ గూట్లో ఉంటుంది. ఆ కాసేపు చల్లబడితే గుడ్డుకేం కాదు. కూర్చున్నాక ముక్కుతో ఒక్కో గుడ్డునీ లోపలికి లాక్కుంటుంది. అంచున ఉన్నది మధ్యకి వస్తుంది, మధ్యలోది అంచుకి పోతుంది. మరి ఆషాఢంలో నీ పెట్టె ఏం చేసింది? రాత్రంతా కరెంటు లేదు. 40 గుడ్లకి దిగినవి తొమ్మిది. మిగతావి నువ్వు పగలగొడుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఈకలతో సహా పిల్ల పూర్తిగా తయారై పెంకులోనే చచ్చి ఉంది. ఒకటీ రెండూ కాదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మేనల్లుడు: ఆ టెన్షన్ నేనూ పడ్డాను అత్తా. ఇన్వర్టర్ ఉంటే అలా జరిగేది కాదు. కానీ మాఘంలో నీ సంగతేంటి? ఇదే కోడి 11 పిల్లల్ని దింపింది. గద్ద ఐదింటిని ఎత్తుకుపోయింది, కాకి రెండు, పిల్లి ఒకటి. మిగిలినవి మూడు. తల్లి వెంట ఉండగానే పోయాయి. నాకు దిగినవి తొమ్మిదే, కానీ బల్బు కింద పెట్టి నెల రోజుల్లో ఎనిమిదింటిని బతికించాను. ఇప్పుడు చెప్పు, ఎవరిది మేలు?

(అత్త కాసేపు మాట్లాడలేదు.)

అత్త: నాలుగు వారాలు గంప కింద ఉంచాల్సింది. మినపచేను పనిలో పడి రెండో వారానికే వదిలేశాను. ఆ ఎనిమిదీ నా వల్లే పోయాయి.

మేనల్లుడు: ఇంకోటి. గూట్లో ఆ ఇనపముక్క, ఎండుమిరపకాయ ఎందుకు? ఉరుములకి గుడ్లు మురిగిపోకుండానా? ఇనపముక్క ఉరుముని ఆపుతుందా?

అత్త: మా అమ్మ పెట్టేది, నేనూ పెడుతున్నాను. గుడ్డు మురిగేది ఉరుముకి కాదని నాకూ తెలుసు. పది రోజులు దాటిన గుడ్డు పెడితే మురిగే అవకాశం ఎక్కువ, చెమ్మ తగిలితే మురుగుతుంది. పుంజు తొక్కని గుడ్డు ఎలాగూ పిల్ల కాదు. ఇనపముక్క వల్ల కోడికి నొప్పేం లేదు. మరి నువ్వు? పోయిన నెల నల్లకోడికి పొదుగు మాన్పిస్తానని బకెట్ నీళ్లలో ముంచావు. ముక్కులో ఈక దూర్చావు. రెండు రోజులు అది మేత ముట్టలేదు.

మేనల్లుడు: ఈక దూర్చడం నాకు నేర్పింది మీ అన్నయ్యే.

అత్త: అన్నయ్య చేసినా తప్పు తప్పే! చిన్నప్పుడు అన్నయ్యతో దీని గురించే రెండు రోజులు మాట్లాడలేదు నేను. పొదుగు మానాలంటే అడుగున జాలీ ఉన్న బోనులో మూడు నాలుగు రోజులు ఉంచు, పక్కనే మేతా నీళ్లూ పెట్టు. పొట్ట కింద గాలాడితే అదే మానేస్తుంది.

మేనల్లుడు: సరే, ఇక ముంచను. కానీ పొదిగే విషయం తేలలేదు.

అత్త: తేలుస్తాను. నువ్వు పొదుగంటే 21 రోజుల వేడి అనుకుంటున్నావు. 20వ రోజు రాత్రి గూటి దగ్గర చెవి పెట్టి విను. పెంకు లోపల్నుంచి సన్నగా కిచకిచలు, పైనుంచి తల్లి మెల్లగా కొక్కొక్కుమంటూ బదులు. పిల్ల బయటపడకముందే దానికి తల్లి గొంతు తెలుసు. గూడు దిగిన రోజు తల్లి నేల గీకి, నూకగింజ ముక్కుతో ఎత్తి కింద పడేసి పిలుస్తుంది. పిల్లలన్నీ అక్కడికే ఉరుకుతాయి. ఏది తినాలో అలా తెలుస్తుంది. గద్ద నీడ కనిపిస్తే తల్లి ఒక అరుపు అరుస్తుంది, ఎక్కడివక్కడ చెట్ల కిందకి దూరతాయి. మాఘంలో నాకు మిగిలిన ఆ మూడూ ఈ రోజుకీ అలాగే దూరతాయి. బల్బు కింద పెరిగిన నీ ఎనిమిదీ నెల తర్వాత పెరట్లో వదిలితే ఎక్కడికి పోయాయి? తిన్నగా కుక్క ముందుకి. నువ్వే కదా కర్ర పట్టుకుని పరిగెత్తావు?

మేనల్లుడు: ...రెండు పోయాయి.

అత్త: అదే నేను చెప్పేది. నీ పెట్టె పిల్లనిస్తుంది, తల్లినివ్వదు.

మేనల్లుడు: మరి కొక్కెర తెగులు? దాన్ని తల్లి ఆపుతుందా?

అత్త: ఆపదు. ఎక్కడ దిగిన పిల్లకైనా వారం లోపు కంట్లో లాసోటా టీకా చుక్క వెయ్యాల్సిందే. అందులో నీకూ నాకూ తేడా లేదు.

మేనల్లుడు: అయితే ఇలా చేద్దామా? నీ కోడి కిందా నా పెట్టెలోనూ ఒకే రోజు పెడదాం. పిల్లలు దిగాక నావి తెచ్చి దీని కిందకి తోస్తాను. పెంచుతుందా?

అత్త: పెంచుతుంది. కానీ రాత్రి పూట, చీకట్లో, ఒక్కొక్కటే చప్పుడు లేకుండా రెక్క కిందకి జరపాలి. పగలు తెస్తే పొడుస్తుంది. రెండు మూడు రోజుల తేడా ఉన్నా ఒప్పుకోకపోవచ్చు. అన్నీ కలిపి పదిహేను దాటకూడదు, ఇది చలికాలం, అన్నీ రెక్కల కింద పట్టాలి. ఏడో రోజు రాత్రి టార్చి తీసుకురా, దీని గుడ్లు చూద్దాం. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించినవి ఉంచుదాం, ఏమీ లేకుండా వెలిగేవి తీసేద్దాం. నీవీ అలాగే చూసుకో. ఇన్వర్టర్ కొన్నావా?

మేనల్లుడు: ఇంకా లేదు. వచ్చే నెల కొంటాను.

అత్త: అయితే ఈసారికి పద్నాలుగు దీని కింద. మిగతా ఎనిమిది గుడ్లూ నువ్వు తీసుకెళ్లు, సన్న కొన కిందకి ఉండేలా పట్టుకో.