గాజి మడ అడవిని నరికిందెవరు, నాటిందెవరు

కొన్నాళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఆఫ్రికా తీరంలోని మడ అడవి ఫొటో, దాని కింద నాలుగు మాటలు. "అక్కడి పల్లెజనం ఆకలికి అడవిని నరికేస్తారు. ఎకో టూరిజం అంటే విదేశీ రిసార్టులే, ఊరికి చిల్లిగవ్వ రాదు. టూరిస్టులు రాకపోతే అడవి ఉండదు. జనాన్ని ఖాళీ చేయించి కంచె వేయడం ఒక్కటే దారి."

చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని పంపేస్తుంటే మనసుకు కష్టంగా ఉంది. ఇందులో కాస్త నిజం ఉన్నా, మిగతాదంతా అక్కడి మనుషుల మీద నిందే. ఆఫ్రికా అంతా ఒక్కటి కాదు కాబట్టి, కెన్యా తీరాన్ని ముందు పెట్టుకుని ఒక్కో మాటా చూద్దాం.

పల్లెజనమే నరికేస్తారన్నది మొదటి మాట. మొంబాసాకు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, క్వాలె కౌంటీలో గాజి అనే చేపల పల్లె ఉంది. 1970లలో అక్కడి మడ అడవిని పెద్దఎత్తున కొట్టించింది సున్నం, ఇటుక పరిశ్రమలు, తమ బట్టీల్లో కట్టెల కోసం. అంతకుముందు కొన్ని శతాబ్దాలపాటు ఈ తీరపు మడ దుంగలు తెరచాప ఓడలెక్కి అరేబియాకు, పర్షియన్ గల్ఫ్ రేవులకు పోయి అక్కడి ఇళ్ళకు దూలాలయ్యాయి. ఆ ఎగుమతిని కెన్యా ప్రభుత్వం 1982లో ఆపింది. పల్లెవాళ్ళు అసలు కొట్టలేదని నేను అనను. ఇంటికి వాసాలు కావాలి, పొయ్యిలోకి కట్టెలు కావాలి. కానీ గుడిసెకు నాలుగు వాసాలు కొట్టుకున్నవాణ్ణి, బట్టీల కోసం తీరం ఖాళీ చేసినవాళ్ళను ఒకే గాటన కట్టడం అన్యాయం.

బట్టీలకు పోయిన చోట చెట్టు దానంతటది తిరిగి రాలేదు. బురద బోడిగా ఉండిపోయింది. 1990ల మొదట్లో కెన్యా సముద్ర, మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఊరివాళ్ళతో కలిసి నాటడం మొదలుపెట్టారు. మన ఉప్పుపొన్న జాతి చెట్టును స్వాహిలీలో మ్కోకో అంటారు. దాని విత్తనం కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, మూరెడు పొడవున పచ్చటి ములక్కాడలా వేలాడుతుంది. పండి రాలిన ఆ మొలకల్ని ఏరాలి. ఆటుకు నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదలోకి దిగి, ఒక్కొక్కటీ నిలువుగా గుచ్చాలి. పోటు వచ్చేలోగా గట్టెక్కాలి. గుచ్చినవన్నీ బతకవు, పోయినచోట మళ్ళీ గుచ్చాలి. కోరింగలో మడ బురద వాసన తెలిసినవాళ్ళకు ఇది ఎంత నడుము విరిగే పనో చెప్పక్కర్లేదు. ఆ పని చేసిన ఊరిని పట్టుకుని అడవికి శత్రువని రాయడానికి చేతులెలా వచ్చాయో నాకు అర్థం కాదు.

ఊరికి చిల్లిగవ్వ రాదన్న మాటలోనే నేను చెప్పిన కాస్త నిజం ఉంది. డియానీ లాంటి బీచ్‌ల దగ్గర పెద్ద హోటళ్ళకు పోయే డబ్బులో చాలాభాగం పల్లె గడప తొక్కదు. దాన్ని ఎకో టూరిజం అని పిలిస్తే నేనూ ఒప్పుకోను. అయితే గాజిలో మడ అడవి మధ్య చెక్కల నడకదారి ఉంది. మన కోరింగలో ఉన్నట్టే. దాన్ని నడిపేది ఆ ఊరి మహిళా సంఘం. టికెట్ డబ్బు వాళ్ళ చేతికే వస్తుంది, అందులోంచి పిల్లల చదువుకూ ఖర్చుపెడతారు. ఇంకా దక్షిణాన వాసిని దీవిలోనూ పాత పగడపు రాళ్ళ మధ్య ఇలాంటి నడకదారినే అక్కడి ఆడవాళ్ళు నడుపుతున్నారు. కాబట్టి ఎకో టూరిజం అన్న పేరు చూసి తీర్పు చెప్పకూడదు, టికెట్ డబ్బు ఎవరి చేతికి పోతోందో అడగాలి.

టూరిస్టులు రాకపోతే అడవి ఉండదట. ఇది గాజిలో జరిగినదానికి పూర్తిగా తలకిందులు. 2013లో గాజి, మకోంగేని ఊళ్ళు కలిసి 'మికోకో పమోజా' మొదలుపెట్టాయి. మడచెట్లు, అందరం కలిసి అని ఆ పేరుకు అర్థం. 117 హెక్టార్లు, అంటే దగ్గరదగ్గర 290 ఎకరాల మడ అడవిని కాపాడి, ఆ చెట్లూ బురదా పట్టి ఉంచే కార్బన్‌కు లెక్కగట్టి, ఏడాదికి సుమారు 3,000 టన్నుల క్రెడిట్లు, అంటే అంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆపామన్న పత్రాలు, అమ్ముతారు. ఆ డబ్బుతో ఊళ్ళకు మంచినీళ్ళు వచ్చాయి, బడికి పుస్తకాలు వచ్చాయి. దేనికి ఖర్చుపెట్టాలో ఊరి సభలో తేల్చుకుంటారు. 2020 మార్చిలో కెన్యాకు విదేశీ విమానాలు ఆగిపోయినప్పుడు టూరిజం మీదే బతికే తీరమంతా అల్లాడింది. కార్బన్ డబ్బు మాత్రం టూరిస్టు వస్తేనే వచ్చేది కాదు. ఎక్కడో పొగ వదిలే కంపెనీ ఈ క్రెడిట్లు కొని చేతులు దులుపుకుంటుందన్న అభ్యంతరం నాకూ ఉంది. కానీ ఆ తప్పు కొన్నవాడిది, గాజి ఊరిది కాదు.

ఇక కంచె సంగతి. కిలిఫీ కౌంటీలోని కురువితులో చేపలు తగ్గిపోతున్నాయని గుర్తించింది అక్కడి జాలరులే. 2005లో తమ సముద్రంలోనే సుమారు 30 హెక్టార్ల మేర వేట ఆపేసుకున్నారు. వల వేసుకుని బతికేవాళ్ళు మేమిక్కడ వల వేయం అని తమకు తామే గిరి గీసుకోవడం చిన్న విషయమా? ఇంట్లో పొయ్యి వెలగాలన్న టెన్షన్ వాళ్ళకూ ఉంటుంది కదా. మొదట్లో తోటి జాలరులే చాలామంది కాదన్నారు. తర్వాత చేపలు తిరిగొచ్చాయి, గిరి పక్కన వేసే వలలోకి కూడా. బయటివాళ్ళు వచ్చి కంచె వేసి ఉంటే, రాత్రిపూట దాన్ని దాటేవాళ్ళకు కాపలా కాయడంతోనే సరిపోయేది. 2017లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కురువితుకూ, మికోకో పమోజాకూ ఒకే ఏడాది వచ్చింది.

గాజిలో ఇంకో పని కూడా చేశారు. మడ దుంగ కొట్టొద్దని ఊరికే చెబితే ఇల్లు కట్టుకునేవాడు ఏం చేస్తాడు? అందుకని వాసాలకు, వంటకు పనికొచ్చేలా సరుగుడు నాటారు. మన తీరంలో సరుగుడు తోట లేని ఊరు తక్కువ కాబట్టి ఈ లెక్క మనకు ఇట్టే అర్థమవుతుంది. జనాన్ని ఖాళీ చేయిస్తే అడవి బాగుంటుందనుకునేవాళ్ళకు ఆ ఇంటి వాసం గురించి ఆలోచనే రాదు.

2019లో టాంజానియా సరిహద్దు దగ్గర వాంగా, జింబో, కివేగు అనే మూడు ఊళ్ళు గాజి దారిలోనే 460 హెక్టార్ల మడ అడవికి కాపలా మొదలుపెట్టాయి. ఆ ఊళ్ళను ఎవరూ ఖాళీ చేయించలేదు.