నేల ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది?

గాలి చెడితే ఊపిరాడదు, నీళ్లు చెడితే కంపు కొడతాయి, కాబట్టి గొడవ చేసేవాళ్లు ఉంటారు. నేల చెడితే ముందు తెలిసేది రైతుకే, ఆయన మాట వినేవాళ్లు తక్కువ. నీటికి 1974లో, గాలికి 1981లో చట్టాలొచ్చాయి. విషం ఎక్కిన నేలల్ని గుర్తించి శుభ్రం చేయించే నిబంధనలు తేవడానికి మాత్రం కేంద్రానికి 2025 జులై దాకా తీరిక దొరకలేదు.

హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు సంగతే తీసుకోండి. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి అక్కడే ఉంది, దాని చుట్టుపక్కలే మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చిపడి నక్కవాగును మురికికాలువ చేశాయి, ఆ వాగు నీళ్లు పారిన పొలాలు పాడయ్యాయి, బావులు పనికిరాకుండా పోయాయి. సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అక్కడి ఫ్యాక్టరీల మురుగును శుభ్రం చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. గుర్తుంచుకోండి, ఇవి శుద్ధి చేశాక వదిలిన నీళ్లు! మట్టిలోని బ్యాక్టీరియా రోజూ అందులో మునిగి తేలితే మందులకు లొంగకుండా తయారవదా?

తర్వాత పైప్‌లైన్ వేసి ఆ నీళ్లను అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కణ్నుంచి మూసీలోకి పంపారు. మూసీ నీళ్లతో పెంచిన పారా గడ్డే నగరం అంచుల్లోని గేదెలకు మేత, వాటి పాలు మన ఇళ్లకు. రోగం కుదర్చలేదు, చోటు మార్చారంతే. ఫ్యాక్టరీ మురికితో వచ్చే ఆర్సెనిక్, కాడ్మియం, సీసం లాంటి విష లోహాలు ఏళ్లు గడిచినా విరిగిపోవు, వాగు మురికి ఆగినా మట్టిలోనే ఉంటాయి, ముఖ్యంగా కాడ్మియం ఆకుకూరల్లోకి తేలిగ్గా ఎక్కుతుంది.

కొత్త నిబంధనల ప్రకారం అనుమానమున్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి మట్టి తీసి పరీక్షించాలి, శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవాడే పెట్టుకోవాలి. బాగానే ఉంది. కానీ చెత్త డంపులు మామూలుగా వీటి కిందికి రావట, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన బతికేవాళ్లకు ఆ మాట ఎవరు చెబుతారో మరి.

సంగారెడ్డి జిల్లా జాబితాలో నక్కవాగు పొలాలు మొదటి పేజీలోనే ఉండాలన్నది మా డిమాండ్. ఏ సర్వే నంబరులో ఏ లోహం ఎంతుంది, అక్కడ ఏ పంట వేయకూడదు, వేయనన్నాళ్లూ రైతుకు పరిహారం ఎవరిస్తారు అన్నది పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి.