తెలుగు సెక్షన్ మూసేయమంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు గ్రూపుల్లో ఎక్కడ చూసినా అదే మెసేజ్. వద్దన్నకొద్దీ మిత్రులు మళ్ళీ అదే పంపుతున్నారు. పైన ‘నిపుణుల సలహా’ అని ఒక ముద్ర. లోపల ఉన్నది ఇంతే: గూగుల్ ఎనలిటిక్స్ (సైటుకు ఎవరొచ్చారో, ఏం చూశారో లెక్కపెట్టే టూల్) తెరిచి గత 28 రోజుల ట్రాఫిక్‌ను సెక్షన్లవారీగా చూడండి. సెక్షన్ అంటే వెబ్ అడ్రసులో కనిపించే ఫోల్డరే. అన్ని సెక్షన్ల యూజర్లను కూడితే మీ మొత్తం పాఠకులు. పది సెకన్లు కూడా నిలబడి చూడని పేజీ దండగ. భాషల రిపోర్టులో తెలుగు అట్టడుగున ఉంటుంది కాబట్టి ఒడిశాలోని మన సంఘాలు, స్కూళ్ళు, షాపులు తమ సైట్లలో తెలుగు సెక్షన్ తీసేసి ఒడియా, ఇంగ్లీషు ఉంచుకుంటే చాలు.

ఇలాంటి చిన్న సైట్లు చూసుకోవడమే నా పని. ఒక సంఘం కమిటీలో ఈ మెసేజ్ పట్టుకుని తెలుగు పేజీలు ఎత్తేసే మాట మొదలైంది. అందుకే రాస్తున్నాను.

ఫోల్డర్ సంగతి ముందు తేల్చేద్దాం. మన సైట్లలో చాలావాటికి ఫోల్డర్లే లేవు, పోస్టు శీర్షికే అడ్రసు అయిపోతుంది. అది తెలుగు శీర్షిక అయితే ‘క’ అనే ఒక్క అక్షరమే పర్సెంట్ గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారి రిపోర్టులోకి వస్తుంది. ఆ వరస చూసి ఏ పేజీ ఏ సెక్షన్‌దో చెప్పగలిగినవాళ్ళను నేనైతే చూడలేదు. ఎనలిటిక్స్‌లో దీనికోసమే కంటెంట్ గ్రూప్ అనే సదుపాయం ఉంది. ప్రతి పేజీ నుంచీ దాని సెక్షన్ పేరు పంపితే రిపోర్టు ఆ పేర్లతోనే వస్తుంది. కాకపోతే పెట్టిన రోజు నుంచే లెక్క. అంతకుముందుదంతా ‘నాట్ సెట్’, అంటే పేరు పెట్టనివి అనే వరుసలో పడుతుంది, ఏ పేజీ ఏ సెక్షన్‌దో మనమే జాబితా రాసుకుని, పేజీ అడ్రసుల మీద ఫిల్టర్ పెట్టి దాన్ని విడదీసుకోవాలి.

యూజర్లను కూడడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకే మనిషి వార్తలూ, పెళ్ళి సంబంధాలూ, ఉద్యోగాలూ చూస్తే మూడు సెక్షన్లలోనూ ఉంటాడు. కూడితే ముగ్గురవుతాడు.

పది సెకన్ల మాట కొంచెం ప్రమాదం. గూగుల్ లెక్కలో పది సెకన్లు దాటి ఉన్నా, రెండో పేజీ చూసినా, మనం కీలకమని గుర్తుపెట్టిన పని ఒకటి చేసినా ఆ సెషన్‌ను, అంటే సైటుకు ఆ ఒక్కసారి రావడాన్ని, ‘ఎంగేజ్‌డ్’ (ఆసక్తితో చూసినది) అంటారు. రక్తదాతల పేజీ తెరిచి, నంబరు కనపడగానే నొక్కి, ఫోన్ చేసుకున్న మనిషికి ఎనిమిది సెకన్లు చాలు. నంబరు నొక్కడాన్ని కీలకమైన పనిగా గుర్తుపెట్టకపోతే అతను రిపోర్టులో ఆసక్తి లేనివాడే. మెడికల్ కాలేజీ గేటు దగ్గర నిలబడి రక్తం కోసం వెతుకుతున్నవాడు మన పేజీని ఆస్వాదిస్తూ కూర్చోవాలా?

ఇక భాష. ఈ ఒక్క పాయింటు కోసమే ఆ మెసేజ్ పంపకం ఆపాలి. ఎనలిటిక్స్‌లోని భాష రిపోర్టు మనిషి ఏ భాషలో చదివాడో చెప్పదు. అతని బ్రౌజర్ ఏ భాషలో సెట్ అయి ఉందో చెబుతుంది. మీ ఫోన్ సెట్టింగ్స్ తీసి చూడండి, ఇంగ్లీషే ఉంటుంది. మీ అమ్మగారి ఫోనూ అంతే. ఆవిడ రోజూ పొద్దున్నే తెలుగు పేజీలు చదువుతున్నా గూగుల్‌కు ఆవిడ ఇంగ్లీషు యూజర్. ఆ అంకె చూసి తెలుగు చదివేవాళ్ళు లేరని తీర్పు చెప్పేశారు! తెలుగు పేజీలకు ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడటానికి అదే టూల్‌లో పేజీల రిపోర్టు ఉంది. అది తెరవడానికి అంత కష్టమేం వచ్చింది?

28 రోజుల లెక్క ఇంకా అన్యాయం. ఎనలిటిక్స్ తెరవగానే కనిపించే గడువు అది, అంతకుమించి దానికి మహిమ లేదు. ఆ సంఘం సైట్లో ఆంధ్రలో అడ్మిషన్ల గురించి తెలుగులో ఒక సెక్షన్ ఉంది. ఒడిశాలోనే చదివిన మన పిల్లలు ఆంధ్ర కాలేజీల్లో లోకల్ కారు, 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. మిగిలిన 15 శాతంలో పోటీ పడటానికి ఏ సర్టిఫికెట్లు కావాలో అందులో రాసి ఉంది. ఈఏపీసెట్ రోజుల్లో, ఆ తర్వాత కౌన్సెలింగ్ జరిగినన్నాళ్ళూ తల్లిదండ్రులు దానికోసం వస్తారు. మిగతా ఏడాదంతా అటు చూసేవాళ్ళు తక్కువే. డిసెంబరులో 28 రోజులు చూసి తీసేయమంటారా? వేసవి సెలవుల్లో వెళ్ళి, పిల్లలు లేరని బడి మూసేస్తామా?

పైగా ఆ సర్టిఫికెట్ల జాబితా పీడీఎఫ్. సైట్లోని లింకు నొక్కి దించుకుంటే ఎనలిటిక్స్‌లో ఫైల్ డౌన్‌లోడ్‌గా పడుతుంది. కానీ జనం ఆ పీడీఎఫ్ లింకునే వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. అలా నేరుగా తెరిస్తే ఎనలిటిక్స్ కోడ్ నడవదు, లెక్కలోకి రాదు. సర్వర్ లాగ్, అంటే సైటు ఉండే కంప్యూటర్ తానే రాసుకునే చిట్టా, తీసి చూస్తేనే ఎంతమంది వాడుకున్నారో తెలుస్తుంది. జనం వాడుకున్నకొద్దీ రిపోర్టులో ఖాళీగా కనిపించే సెక్షన్ అది. తెలియక అది మూసేస్తే, ఇచ్ఛాపురం దాటి కౌన్సెలింగ్‌కు వెళ్ళిన పిల్ల చేతిలో ఒక కాగితం తగ్గుతుంది. దానికి ఎవరు జవాబు చెబుతారు?

ఆ మెసేజ్‌లో ఒక్కటి మాత్రం నేను ఒప్పుకుంటాను. ఒడియా, ఇంగ్లీషు పేజీలు కావాలన్నది నిజం. మన ఇళ్ళలో పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళను ఇన్నాళ్ళూ పట్టించుకోకపోవడం మన సంఘాల తప్పే. ఆ అడ్మిషన్ల సమాచారం ఒడియా లిపిలోనూ రావాలి, తెలుగు పేజీ పక్కనే.

కమిటీవారికి నా మనవి: ఈ మీటింగులో తీర్మానం పెట్టకండి. పోయిన ఏడాది మే నుంచి ఆగస్టు దాకా పేజీల రిపోర్టు తీయండి, ఫైల్ డౌన్‌లోడ్లు చూడండి, హోస్టింగ్ వాళ్ళను సర్వర్ లాగ్ అడగండి. ఎనలిటిక్స్ ఎక్స్‌ప్లోరేషన్లలో (మనం సొంతంగా తయారుచేసుకునే రిపోర్టుల్లో) డేటా మామూలుగా 2 నెలలే ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఈరోజే 14 నెలలకు మార్చండి. మామూలు రిపోర్టులకు ఆ గడువు లేదు కాబట్టి పాత లెక్క అక్కడ దొరుకుతుంది. చేసిపెట్టేవాళ్ళు లేకపోతే నన్ను పిలవండి, డబ్బులేమీ తీసుకోకుండా వచ్చి తీసిపెడతాను.