రాజపూజ్యం, అవమానం, బ్యాంకు

ఉగాది రోజు పంతులుగారు పంచాంగం చదువుతూ నా రాశికి అవమానం 6 అన్నారు. రాజపూజ్యం ఎంతో వినబడలేదు, వెనక ఎవరి పిల్లాడో ఏడుస్తున్నాడు. గంట తిరక్కుండానే మన సంఘం జనరల్ బాడీలో ఆ 6 నాకు చెల్లిపోయింది.

మీలో చాలామంది అక్కడే ఉన్నారు కాబట్టి అంతా చెప్పను. భవన నిధిని ట్రస్టీల చేతిలోంచి తీసి చాప్టర్లకు పంచేయాలన్న తీర్మానం. దాన్ని బలపరుస్తూ ఒక తమ్ముడు మైకు అందుకుని, ‘పెత్తనం ఒకచోట ఉంటే కుళ్ళిపోతుంది. ఆండ్రూ జాక్సన్ బ్యాంకును దెబ్బకొట్టినట్టు మనమూ కొట్టాలి’ అన్నాడు. చప్పట్లే చప్పట్లు. ఆ నిధి పద్దు ఆరేళ్ళు రాసినవాణ్ని నేను. చేతిలో పచ్చడి గ్లాసు, అడుగున మిగిలిన వేపపువ్వు. తర్వాత పులిహోర లైన్లో నా పక్కకొచ్చి ‘మిమ్మల్ని ఉద్దేశించి కాదు అంకుల్’ అన్నాడు, పాపం. అదే ఎక్కువ గుచ్చుకుంది.

1830లలో అమెరికా అధ్యక్షుడు జాక్సన్ కొట్టిన ఆ బ్యాంకు, ప్రభుత్వ డబ్బు దాచే జాతీయ బ్యాంకు. దాని భవనం ఫిలడెల్ఫియాలో, చెస్ట్‌నట్ వీధిలో ఇప్పటికీ ఉంది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు లిబర్టీ బెల్ చూపించి అటు నడిపిస్తుంటాను. గ్రీకు గుడి నమూనాలో కట్టారు, ముందు ఎనిమిది లావుపాటి రాతి స్తంభాలు. మా మామగారైతే చెప్పులు విప్పబోయారు. గుడి కాదు మామయ్యా, బ్యాంకు అంటే, ‘ఇక్కడ రెండూ ఒకటేనేమోలే’ అన్నారు.

1791లో ఖజానా మంత్రి హామిల్టన్ మొదటి జాతీయ బ్యాంకు పెట్టిస్తానంటే జెఫర్సన్, మాడిసన్ అడ్డుపడ్డారు. రాజ్యాంగంలో రాయని అధికారం కేంద్రానికి ఎక్కడిదని వాళ్ళ వాదన. 1811లో దాని గడువు తీరింది. పొడిగించాలా వద్దా అని సెనేట్‌లో ఓట్లు సరిసమానమైతే ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ వద్దన్నాడు. మరుసటి ఏడే బ్రిటన్‌తో యుద్ధం, డబ్బుకు కటకట. ఆఖరికి 1816లో రెండో బ్యాంకు చట్టం మీద సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? అప్పటికి అధ్యక్షుడైన ఆ మాడిసనే.

జాక్సన్ కోపంలో న్యాయం లేదనను. ఆ రెండో బ్యాంకు మూలధనం మూడున్నర కోట్ల డాలర్లు. అందులో అయిదో వంతు ప్రజల సొమ్ము. 25 మంది డైరెక్టర్లలో ప్రభుత్వం తరఫున అయిదుగురే. సెనేటర్ వెబ్‌స్టర్ ఆ బ్యాంకు దగ్గర వకీలు ఫీజు పుచ్చుకుంటూనే సెనేట్‌లో దాని తరఫున మాట్లాడేవాడు. ఫీజు రావడం ఆలస్యమైందని బ్యాంకు అధిపతి బిడిల్‌కు ఉత్తరం కూడా రాశాడు! 1832 జులై 10న ఆ బ్యాంకు గడువు పొడిగించే బిల్లును జాక్సన్ వీటో చేస్తూ, డబ్బున్నవాళ్ళు చట్టాలను తమవైపు వంచుకుంటున్నారన్నాడంటే ఊరికే అనలేదు.

మైకు అందుకున్న మా తమ్ముడు చెప్పనిది ఆ తర్వాతి ఏడాది కథ. ప్రభుత్వ డబ్బును ఆ బ్యాంకులో వేయడం ఆపమంటే ఖజానా మంత్రి డ్యూయేన్ కుదరదన్నాడు. జాక్సన్ అతన్ని పీకేసి టానీని కూర్చోబెట్టాడు. డబ్బు తమకు నచ్చిన రాష్ట్ర బ్యాంకులకు మళ్ళింది. జనం వాటిని ‘పెంపుడు బ్యాంకులు’ అన్నారు. బిడిల్ తక్కువవాడేం కాదు, అప్పులు బిగించి వ్యాపారులను ఏడిపించాడు. 1837 మే నెలలో న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు బదులు వెండి బంగారాలు ఇవ్వలేమని చేతులెత్తేశాయి. ఆ పాపమంతా జాక్సన్‌దే అనను. లండన్‌లో వడ్డీ పెరిగింది, పత్తి ధర పడింది. కానీ పెత్తనం తగ్గిస్తానని బయల్దేరినాయన, ఏ బ్యాంకుకు డబ్బు వెళ్ళాలో తన మనుషులతోనే తేల్పించాడు. ఇదేం పరిమిత ప్రభుత్వం?

జనరల్ బాడీలో నేనడిగిందీ అదే. ఏ చాప్టర్‌కు ఎంత, ఎవరు తేలుస్తారు? ఈసీ, అంటే మన కార్యవర్గం, అన్నారు.

మనవాళ్ళ పద్ధతులన్నీ గొప్పవని నేనెప్పుడూ అనను. అయితే తెనాలిలో మా అమ్మ చీటీ నడిపేది. ఇరవై మంది, నెలకోసారి వసారాలో పాట. ఎర్ర అట్ట పుస్తకం గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుండేది. ఎవరొచ్చినా ‘చూసుకో వదినా’ అనేది. చూడనివాళ్ళకు తనే చదివి వినిపించేది. ఒకసారి పాట పాడుకున్నాయన డబ్బుతో ఊరొదిలిపోతే, అమ్మ గాజులు తాకట్టుకెళ్ళాయి. పుస్తకంలో ఆ పేజీ మాత్రం చింపలేదు.

నా తప్పూ ఉంది. ఆరేళ్ళలో నేను లెక్కలు రాశానే గానీ, ఏడాదికోసారి ఒక స్లైడ్ తప్ప చూపించలేదు. ఎవరూ అడగలేదుగా అనుకున్నాను. అందుకే అందరినీ బతిమాలుకుంటున్నాను. నిధిని ముక్కలు చేయకండి. ట్రస్టీలను రెండేళ్ళకోసారి మార్చండి, ముందు నన్నే దింపండి. బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా సభ్యులందరికీ వెళ్ళేలా బైలాస్‌లో రాయించండి.

ఆరేళ్ళ పద్దూ స్కాన్ చేశాను, ఎవరడిగినా పంపుతాను. మొదట మా తమ్ముడికే వాట్సాప్‌లో పంపాను. రెండు వారాలైంది, ఇంకా నీలం టిక్కులు పడలేదు.